ఎమ్మెట్ మూయని గేటు

ఎమ్మెట్ హాస్కెల్ తన జన్మలో ఒక్క గేటును కూడా తాను చూసినట్టు కాకుండా వదిలి ఎరగడు. మూసి ఉన్నదాన్ని మూసే వదిలాడు, తెరిచి ఉన్నదాన్ని తెరిచే వదిలాడు. వ్యోమింగ్‌లో మా సేజ్ క్రీక్ వైపు గేటుకున్న ధర్మం అదే. పరాయివాడి గేటు తెరిచి ఉందంటే దానికొక కారణం ఉంటుంది. ఆవులు అందులోంచే వాగుకు నీళ్ళకు పోతుంటాయి. నువ్వు పెద్దమనిషిలా దాన్ని మూసిపోయావనుకో, అవి ఆ ముళ్ళతీగ దగ్గరే నిలబడి నాలుకలు ఎండి చస్తాయి. ఒకసారి వేటకొచ్చిన పట్నం ఆసామి ఎవడో అలాగే మర్యాదకు పోయి ఒక గేటు మూసిపోయాడు. దాహంతో చచ్చిన ఆవుల్ని ఈడ్చింది ఎమ్మెట్టే. ఆ రోజు అతను తిట్టిన తిట్లు మేమెవరమూ అంతకుముందు వినలేదు, ఆ తర్వాతా వినలేదు.

అటువంటి మనిషి గుడిసె ముందరే, అతని పొరుగువాడు డేల్ ప్రూయెట్ చనిపోయిన నెలలోనే, ఒక గేటు తెరుచుకుంది.

గేటుకు ఇటు పక్క ఎమ్మెట్ గుడిసె, దాని చుట్టూ అతని గుర్రం మేసే చిన్న జాగా. అటు పక్క డేల్ వాళ్ళ పల్లపు పచ్చిక. వాగు ఒడ్డున మోకాలెత్తు గడ్డి పెరిగే నేల. దాని చివర వాళ్ళ ఇల్లు. డేల్ ఉన్నన్నాళ్ళూ ఆ గేటు ఎప్పుడూ మూసే ఉండేది. అంత్యక్రియలయ్యాక ఒక పొద్దున్న ఎమ్మెట్ కాఫీ కప్పుతో బయటికొచ్చి చూస్తే బార్లా తెరిచి ఉంది; మా వైపు గేటంటే కర్రలకు బిగించిన ముళ్ళతీగే, అది ఒక పక్కకు చక్కగా మడిచి ఉంది.

సరే, లియోనా ఆవుల్ని ఈ పక్కకు తోలుతుంది కాబోలు అనుకున్నాడు. లియోనా డేల్ భార్య. వారం గడిచింది, ఆవులు రాలేదు. వేసవి వెళ్ళింది, ఆ పచ్చికలోకి ఒక్క ఆవు కాలు పెట్టలేదు. మంచు పడి, కరిగి, మళ్ళీ గడ్డి మొలిచింది. గేటు మాత్రం తెరిచే ఉంది. అటూ ఆవుల్లేవు, ఇటూ ఆవుల్లేవు, మరి గేటెందుకు తెరిచారు? ఏదో కారణం ఉండే ఉంటుంది, పరాయివాళ్ళ సంగతి మనకెందుకు అనుకున్నాడు ఎమ్మెట్. అయితే తన గుర్రం వెళ్ళి ఆమె గడ్డి మేస్తే దొంగతనమవుతుంది కదా. గేటు ముయ్యడానికి ధర్మం ఒప్పుకోదు. అందుకని గుర్రాన్నే రాటకు కట్టేశాడు. నాలుగేళ్ళు! పాపం, ఆ జీవి ఎదురుగా మోకాలెత్తు గడ్డి పెట్టుకుని ఎండుగడ్డి నములుతూ నిలబడేది. ఇంత ధర్మం పనికిరాదు, నన్నడిగితే.

ఈ పిచ్చి అతనికి ఎక్కడ అంటిందో ఊళ్ళో అందరికీ తెలుసు. చిన్నప్పుడు శనివారం మధ్యాహ్నం మా ఊరి సమావేశం హాల్లో తెల్లదుప్పటి కట్టి పాత కౌబాయ్ సినిమాలు వేసేవారు. ముందు బల్ల మీద ముగ్గురు కూర్చునేవారు. ఒక చివర డేల్, మధ్యలో లియోనా, ఇంకో చివర ఎమ్మెట్. డేల్ వేరుశనగలు తిని తొక్కలు కింద పోసేవాడు. లియోనా గుర్రాలకు పేర్లు పెట్టేది. ఎమ్మెట్ మాత్రం కళ్ళార్పకుండా పాఠం వింటున్నట్టు చూసేవాడు. వెనకనుంచి కాల్చకూడదు. ఇచ్చిన మాట తప్పకూడదు. ఇంకొకడి గుర్రం ఎక్కకూడదు. ఆడమనిషి కనపడితే టోపీ తియ్యాలి. తన కష్టం నోటితో చెప్పుకోకూడదు. అన్నిటికన్నా ముఖ్యమైంది ఆఖరున వచ్చేది. పని పూర్తయ్యాక హీరో ఏమీ అడక్కుండా, వెనక్కి తిరిగి చూడకుండా కొండల్లోకి పోవాలి. గుమ్మంలో నిలబడిన పిల్ల చేతులు నలుపుకుంటూ చూస్తుంటే పోవాలి. మిగతావాళ్ళకు అది సినిమా. ఎమ్మెట్‌కు అది వేదం.

ముగ్గురికీ ఇరవై దాటాయి. ఎమ్మెట్‌కు లియోనా అంటే ప్రాణం. ఆమెకూ అతనంటే ఇష్టమని ఊళ్ళో కుక్కలక్కూడా తెలుసు. అటువంటి రోజుల్లో ఒక సాయంత్రం కంచె పని చేస్తూ డేల్ అన్నాడు, "ఒరేయ్, నేను లియోనాని పెళ్ళి చేసుకుందామనుకుంటున్నా. నువ్వేమంటావు?" ఎమ్మెట్ సుత్తి కింద పెట్టి కొండల వంక చూశాడు. "మంచిదిరా," అన్నాడు. వారం తిరక్కుండా నెవాడాలో పశువుల పనికి వెళ్ళిపోయాడు. లియోనాతో ఒక్క మాట చెప్పలేదు. చెప్తే అది డేల్‌కు వెన్నుపోటు పొడిచినట్టవుతుందని అతని లెక్క. వసంతంలో తిరిగొచ్చేసరికి పెళ్ళి ముహూర్తం పెట్టేశారు. పెళ్ళిరోజు టోపీ తీసి చేతిలో పట్టుకుని పెళ్ళికూతురి ముందు నిలబడి, "శుభం అమ్మగారూ," అన్నాడు. అంతవరకూ 'ఒసేయ్ లియోనా' అని పిలిచిన నోరు అది! ఆవిడ మొహం ఎలా మారిందో ఫోటోలో ఇప్పటికీ కనిపిస్తుంది.

ఆ తర్వాత నలభై ఏళ్ళకు పైగా ఎమ్మెట్ వర్జిల్ నైక్విస్ట్ దగ్గర పశువుల కాపరిగా బతికాడు. పెళ్ళి మాటెత్తితే నవ్వేవాడు. తాగుబోతు కాదు, పిసినారి కాదు. రోడ్డు మీద ఎవరి బండి ఆగినా దిగి టైరు మార్చేవాడు. డేల్ జబ్బుపడ్డ చలికాలంలో రోజూ తెల్లవారకముందే మంచులో వెళ్ళి వాళ్ళ ఆవులకు గడ్డేసి, నీళ్ళ తొట్టిలో మంచు పగలగొట్టి, ఇంట్లోకి అడుగుపెట్టకుండా వెనక్కొచ్చేవాడు. లియోనా కిటికీలోంచి కాఫీ తాగి పొమ్మని కేకేస్తే టోపీ తీసి, "వద్దు అమ్మగారూ, పనుంది," అనేవాడు. పోయేముందు డేల్ అతని చెయ్యి పట్టుకుని, "నేను పోయాక చూసుకోరా," అన్నాడు. ఎమ్మెట్ సరేనన్నాడు. అన్నట్టే రోడ్డు చుట్టి వెళ్ళి ఆవుల్ని చూసుకున్నాడు! డేల్ చూసుకోమన్నది ఆవులనేనా అని ఒక్కసారి కూడా ఆలోచించలేదు మహానుభావుడు.

ఈ వసంతంలో ఒక పొద్దున్న ఊళ్ళో కాఫీ హోటల్లో వర్జిల్ ఆ కబురు పట్టుకొచ్చాడు. వర్జిల్ అతనికి యజమానే అయినా బళ్ళో కలిసి చదివినవాడు, నోటికి తాళం లేనివాడు.

"ఒరేయ్ ఎమ్మెట్, విన్నావా? లియోనా పశువుల్ని వదిలేస్తోందట. ఈ ఏడు దూడలకు గుర్తు వాతలు వెయ్యడం కాగానే బిల్లింగ్స్ పట్నంలో చెల్లెలి దగ్గరికి పోతుందట."

ఎమ్మెట్ చెంచాతో కాఫీ కలుపుతున్నాడు. అతను కాఫీలో పంచదార వేసుకోడు.

"ఆ పల్లపు పచ్చిక నాకివ్వమని అడిగా," అన్నాడు వర్జిల్. "వాతల రోజు సాయంత్రం చెప్తానంది. నాలుగేళ్ళు ఆ గడ్డిని ఊరికే ఎండబెట్టిందిరా ఆవిడ! మా నాన్న బతికుంటే కొరడా తీసుకునేవాడు. డేల్ పోయాక మతి పోయిందంటారు, నిజమేనేమో."

"ఆమెని ఏమీ అనకు," అన్నాడు ఎమ్మెట్.

"అబ్బో! వచ్చాడమ్మా తెల్లటోపీ వీరుడు!" వర్జిల్ పక్కనున్నవాళ్ళకు కన్ను కొట్టాడు. "ఎమ్మెట్, ఆ సినిమాలు అయిపోయాయిరా. ఇప్పుడు ఆవుల్ని ఫోన్లో చూసి ఫోన్లోనే అమ్ముతున్నాం. నా మనవడు నాలుగు చక్రాల బండి మీద మందని తోలుతున్నాడు. చెయ్యి కలిపి మాటిచ్చానంటే బ్యాంకువాడు నవ్వుతాడు. నీ ధర్మం ఇంకెక్కడుందిరా, చెప్పు?"

"వాతల రోజుకి నువ్వు వెళ్తున్నావా?"

"వెళ్ళకపోతే ఎలా? లియోనా మనింటి వాతలకు సాయం రాలేదా?"

"కూలి అడుగుతావా?"

"ఛీ! వాతల పనికి కూలేంట్రా?"

"అక్కడుంది," అన్నాడు ఎమ్మెట్. హోటల్లో అందరూ గొల్లుమన్నారు. వర్జిల్ కూడా నవ్వాడు. కానీ ఎమ్మెట్ ఆ కాఫీ తాగకుండానే లేచిపోయాడు.

ఆ సాయంత్రం గేటు దగ్గరికి నడిచి వెళ్ళాడు. పచ్చిక అవతల వంటింట్లో దీపం వెలిగింది. లియోనా నీడ కిటికీలో అటూ ఇటూ తిరిగింది. నలభై ఏళ్ళుగా ఆ దీపం వెలిగేదాకా ఎమ్మెట్ తన దీపం వెలిగించేవాడు కాదు. ఆ సంగతి ఎవరికీ తెలీదు. తనకే సరిగా తెలీదేమో. ఆమె వెళ్ళిపోతే ఆ కిటికీ చీకటిగా ఉంటుందన్న ఆలోచన వచ్చేసరికి డెబ్భై దాటిన మనిషి గేటు స్తంభం పట్టుకున్నాడు. పోయి చెప్పొచ్చు కదా, ఉండిపోమని? ఏమని చెప్పాలి? ఏ హక్కున? స్నేహితుడి భార్య. స్నేహితుడు పోయినంత మాత్రాన ధర్మం పోతుందా? గేటు రెండు స్తంభాల మధ్య, ఆ గీత మీద బూటు ముందుకు పెట్టి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. రాటకు కట్టిన గుర్రం అదంతా చూసి సకిలించింది.

వాతల రోజు పొద్దున్నే దుమ్మూ పొగా మొదలైంది. చుట్టుపక్కల వాళ్ళంతా వచ్చారు. ఎమ్మెట్ కూడా వచ్చాడు, ఎలాగనుకున్నారు? గుడిసె ముందున్న గేటులోంచి నడిస్తే ఒక చుట్ట కాల్చినంత సేపు పట్టదు. అతను మాత్రం గుర్రాన్ని వర్జిల్ బండి వెనక ఎక్కించుకుని, రోడ్డంతా చుట్టి, ముందు వాకిలి దగ్గర దిగి టోపీ తీశాడు. పిలవని గేటులోంచి రావడం మర్యాద కాదట.

మా వైపు వాతల పనిలో తాడు వెయ్యడం పెద్ద గౌరవం. గుర్రం మీద మందలోకి వెళ్ళి, దూడ వెనక కాళ్ళకు ఉచ్చు వేసి, నిప్పుల దగ్గరికి లాక్కురావాలి. మిగతావాళ్ళు దూడని పట్టుకుంటారు, వాత వేస్తారు, సూది వేస్తారు. ఎవరు తాడు వెయ్యాలో ఇంటివాళ్ళు చెప్పాలి. చెప్పకముందే తాడు విప్పినవాడు, పిలవని పెళ్ళికి వచ్చి పీటల మీద కూర్చున్నవాడితో సమానం. అందుకే అందరూ తాళ్ళు జీనుకు కట్టేసుకుని, మాకేం ఆశలేదన్నట్టు ఆకాశం చూస్తూ నిలబడ్డారు.

లియోనా కొట్టంలోంచి వచ్చింది. జుట్టంతా నెరిసింది కానీ నడకలో ఆ విసురు అలాగే ఉంది. చేతిలో కళ్ళెం, వెనక డేల్ గుర్రం సార్జెంటు. దాని మీద డేల్ జీను, నూనె పట్టించి మెరుస్తోంది. ఆవిడ తిన్నగా ఎమ్మెట్ దగ్గరికి వచ్చి కళ్ళెం అతని ముందుకు చాచింది.

"ఇవాళ తాడు నీదే. సార్జెంటు ఎక్కు."

ఎమ్మెట్ టోపీ తీశాడు. చెయ్యి మాత్రం చాచలేదు.

"నా గుర్రం తెచ్చుకున్నాను అమ్మగారూ. మన్నించండి. అది డేల్ గుర్రం."

అంతే. లియోనా మొహం ఎర్రబడింది.

"డేల్ గుర్రమని నాకు తెలీదా? నాలుగేళ్ళుగా రోజూ దాన్ని ఎక్కి తిప్పుతున్నది ఎవరనుకున్నావు? డేల్ పోయాడయ్యా. గుర్రం పోలేదు. నేనూ పోలేదు!"

వచ్చిన వాళ్ళంతా ఒక్కసారిగా తమ బూట్లు చూసుకోవడం మొదలుపెట్టారు. వర్జిల్ అయితే నిప్పుల్లో ఇనపకడ్డీలు లెక్కపెడుతున్నట్టు వంగిపోయాడు. లియోనా కళ్ళెం వదిలేసి నీళ్ళతొట్టి వైపు వెళ్ళిపోయింది. ఎమ్మెట్ టోపీ చేత్తో పట్టుకుని, తప్పు చేసిన కుర్రాడిలా వెనకే వెళ్ళాడు.

"అమ్మగారూ..."

"ఇంకోసారి అమ్మగారూ అన్నావంటే ఈ తొట్టిలో ముంచుతాను." ఆవిడ అతని వైపు తిరగలేదు. "ఆ గేటు ఎందుకు తెరిచి ఉందో నీకెప్పుడూ అనుమానం రాలేదా?"

"వచ్చింది. పరాయివాళ్ళ గేటు సంగతి అడక్కూడదని..."

"అడక్కూడదు! నాలుగేళ్ళు ఆ పచ్చికలోకి ఒక్క ఆవుని తోల్లేదు నేను. ఆవుల్ని తోలితే గేటు ముయ్యాలి. గేటు మూస్తే నువ్వు ఈ జన్మకు రావు. అందుకని గడ్డంతా వదిలేసుకున్నా. ఊరంతా నాకు మతిపోయిందంది. అననీలే అనుకున్నా."

ఎమ్మెట్‌కు చెవుల్లో హోరు మొదలైంది. ఎండుగడ్డి కొని ఆవుల్ని మేపుకుంది ఈవిడ, అంత పచ్చిక పెట్టుకుని. "నా కోసమా?" అన్నాడు చివరికి.

"కాదు, గవర్నరు గారి కోసం!" ఇప్పుడు తిరిగింది. కళ్ళల్లో నీళ్ళున్నాయి, కోపమూ ఉంది. "నీ గుర్రానికున్న బుద్ధి నీకుంటేనా! అది ఎప్పుడో వచ్చేది. దాన్ని కూడా కట్టేశావు కదయ్యా!"

"నేను... గేటు ఎలా ఉంటే అలా వదిలేశాను."

"అవును. నన్నూ అలాగే వదిలేశావు. నువ్వు నెవాడా పోయిన ఆ ఏడు చలికాలమంతా రోడ్డు వంక చూశాను, ఎమ్మెట్. ఏం తప్పు చేశానో తెలీక చూశాను."

"నువ్వేం తప్పు చేశావు? డేల్ నాతో చెప్పాడు, నువ్వంటే ఇష్టమని. స్నేహితుడు కదా. అడ్డు రాకూడదనుకున్నా." 'అమ్మగారూ' అన్న పిలుపు ఎక్కడో జారిపోయిందని అతను గమనించలేదు.

"మీరిద్దరూ మాట్లాడుకున్నారు. బావుంది. మరి నన్నెవరైనా అడిగారా? నేనేమన్నా కోడెదూడనా, మీలో మీరు చెయ్యి కలుపుకుని పంచుకోవడానికి?" లియోనా చేతివెనకతో ముక్కు తుడుచుకుంది. "డేల్ మంచివాడు. అతనితో నాకే లోటూ జరగలేదు, అతన్ని ఎవరైనా ఒక్క మాటంటే ఊరుకోను. అది వేరే సంగతి. కానీ ఆ దిక్కుమాలిన సినిమాలు నేనూ చూశానుగా. వాడు కొండల్లోకి పోయాక మర్నాడు పొద్దున్న ఏం జరిగిందో ఒక్కదాంట్లోనైనా చూపించారా? ఆ పిల్ల లేచి, పాలు పిండి, నిప్పు రాజేసి, అప్పుడేం చేసిందో చూపించారా?"

ఎమ్మెట్ తలుచుకుంటే నిజంగానే ఏ సినిమాలోనూ మర్నాడు లేదు.

"ఇప్పుడేం చెయ్యమంటావు?"

"నేను చెప్పను. ఈసారి నేను చెప్పనంటే చెప్పను. సాయంత్రం వర్జిల్‌కు మాట ఇవ్వాలి. ఇచ్చానంటే వెనక్కి తీసుకోను, నాకూ ఆ పాటి ధర్మం ఉంది. నీ ఇష్టం." కళ్ళు తుడుచుకుని నిప్పుల దగ్గరికి వెళ్ళిపోయింది.

ఎమ్మెట్ టోపీ పెట్టుకుని, వెళ్ళి, సార్జెంటు మెడ నిమిరి, డేల్ జీను మీదకు ఎక్కాడు. రికాబులు ఒక బెత్తెడు పొడుగయ్యాయి. డేల్ కాళ్ళు పొడుగు. ఆ సంగతి గుర్తొచ్చి అతని మొహం కందిపోయింది. మొదటి ఉచ్చు గాల్లో పోయింది.

"తాత తాడు మరిచిపోయాడ్రోయ్!" అని ఎవరో అరిచారు. రెండోది తప్పలేదు. ఆ తర్వాత మధ్యాహ్నం దాకా ఒక్కటీ తప్పలేదు.

భోజనాలయ్యాయి. మాంసం, చిక్కుడుగింజలు, లియోనా చేసిన ఆపిల్ పై. ఎమ్మెట్ అందరికన్నా తక్కువ తిని, అందరికన్నా తక్కువ మాట్లాడాడు. పొద్దు వాలింది. బళ్ళు ఒక్కొక్కటే కదిలాయి. వర్జిల్ అరుగు మెట్టు మీద కాలు పెట్టి, "మరి, లియోనా, మన పల్లపు పచ్చిక సంగతి..." అని మొదలుపెట్టాడు.

లియోనా ఎమ్మెట్ వంక చూసింది.

మాట రావాలి. అతనికి తెలుసు. నోరు తెరిచాడు కూడా. డెబ్భై ఏళ్ళు కట్టిపెట్టిన నోరు, ఏం వస్తుంది? ఎమ్మెట్ తన గుర్రం కళ్ళెం పట్టుకున్నాడు. ఇంటి పక్కనుంచి పచ్చికలోకి దిగాడు.

"బండెక్కరా, దింపుతా!" అన్నాడు వర్జిల్.

"నడుస్తా."

గడ్డి మోకాళ్ళకు తగులుతోంది. కొండల మీద ఎర్రగా పొద్దు దిగుతోంది. వెనక గుమ్మంలో ఒక ఆడమనిషి, ముందు ఒంటరిగా పోతున్న మనిషీ గుర్రమూ. అచ్చం ఆఖరి దృశ్యమే. ఆవిడ ఇప్పుడేమనుకుంటోందో ఎమ్మెట్‌కు తెలుసు. వెనక్కి తిరిగి చూడకూడదని చిన్నప్పుడు నేర్చుకున్నాడు. సగం దారిలో ఆగి, వెనక్కి తిరిగి చూశాడు. లియోనా అరుగు మీదే ఉంది.

గేటు దగ్గరికి వచ్చాడు. రెండు స్తంభాల అవతల అతని గుడిసె, ఖాళీ రాట, పొద్దున్న తాగి వదిలేసిన కప్పు. ఎమ్మెట్ ముందు గుర్రానికి జీను దించాడు. కళ్ళెం తీసేశాడు. అది నమ్మలేనట్టు అతని మొహంలోకి ఒకసారి చూసి, తల వంచి గడ్డి మెయ్యడం మొదలుపెట్టింది.

మడిచి పడేసిన తీగ గేటు గడ్డిలో కూరుకుపోయి ఉంది. వేళ్ళతో పెకలించి పైకి లేపాడు. నాలుగేళ్ళు పడి ఉన్న తీగ బిగుసుకుపోయి ఒక పట్టాన రాలేదు. కర్రను భుజంతో నెట్టి, పళ్ళు బిగబట్టి, ఒళ్ళంతా ఆనించి లాగాడు. అరుగు మీద వర్జిల్ నవ్వాడు, ఆ వెనకే లియోనా గొంతు, "నీకివ్వను పో, వర్జిల్. అక్కడ గుర్రం మేస్తోంది, కనపడట్లా?"

ఎమ్మెట్ వినలేదు, వినే స్థితిలో లేడు. కర్ర స్తంభానికి ఆనింది. తీగ ఉచ్చు దాని మీదకు జార్చాడు. తెరిచి ఉండగా చూసిన గేటును, జన్మలో మొదటిసారి, మూశాడు. లియోనా పచ్చిక వైపు నిలబడి మూశాడు.